యూపీఎస్ అరిస్తే బ్యాటరీ పోయినట్టేనా?

నాది ఇంట్లోంచి చేసే డీటీపీ పని. పుస్తకాలకు పేజీలు పెడతాను. నాలుగైదు వందల పేజీల ఫైలు తెరిచి ఫుట్‌నోట్లు సర్దుతుండగా కంప్యూటర్ చటుక్కున ఆరిపోతే ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. సేవ్ చేయని పేజీలు పోతే మళ్లీ చేసుకుంటాం. సరిగ్గా ఫైలు సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోతే మాత్రం ఒక్కోసారి ఆ ఫైలే తెరుచుకోదు. అందుకే నా బల్ల కింద యూపీఎస్ లేకుండా నేను పని మొదలుపెట్టను.

ఆ యూపీఎస్ కొంతకాలంగా ఊరికే అరుస్తోంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇది మాత్రం లోపల టక్‌మని ఒక చప్పుడు చేసి బీప్ బీప్ అంటుంది. అసలు కరెంటు పోయిన రోజున నిమిషం కూడా నిలబడకుండా కంప్యూటర్‌తో సహా ఆరిపోయింది. ఎవరినడిగినా ఒకటే మాట, "బ్యాటరీ పోయింది, మార్చేయండి." ఆ మాటలో సగం నిజం. మిగతా సగం మా ఇంటి మెయిన్ బోర్డులో ఉంది. బ్యాటరీ మార్చి ఊరుకుంటే ఆ రెండో సగం ఇప్పటికీ అక్కడే మాడుతూ ఉండేది. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

యూపీఎస్ గురించి ఎవరైనా అడిగితే ముందు రెండు ప్రశ్నలను విడదీయమంటాను. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ కూడా ఆగిపోతోందా? అయితే బ్యాటరీ వైపో, లోడు (తగిలించిన పరికరాలు లాగే కరెంటు) వైపో చూడాలి. కరెంటు ఉండగానే యూపీఎస్ బ్యాటరీ మీదకు వెళ్తోందా? అయితే అది గోడలోంచి వచ్చే కరెంటు గురించి ఏదో చెబుతోంది. మా ఇంట్లో రెండూ ఒకేసారి వచ్చాయి. రెండింటినీ ఒకే జబ్బు అనుకుంటే ఎంత తిరిగినా దారి దొరకదు.

ఆ చప్పుళ్ల అర్థం తెలియాలంటే లోపల ఏముందో కొంచెం తెలియాలి. ఇళ్లలో వాడే యూపీఎస్‌లు ఎక్కువగా రెండు రకాలు. కరెంటు బాగున్నంతసేపూ దాన్ని అలాగే కంప్యూటర్‌కు పంపి, పోగానే బ్యాటరీకి మారేది ఆఫ్‌లైన్ రకం. లైన్ ఇంటరాక్టివ్ రకంలో దీనికి తోడు వోల్టేజిని సర్దే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. వోల్టేజి కాస్త తగ్గితే బ్యాటరీ జోలికి పోకుండానే పెంచుతుంది, ఎక్కువైతే దించుతుంది. మూడోది ఆన్‌లైన్ రకం. అందులో వచ్చిన కరెంటును డీసీగా మార్చి మళ్లీ ఏసీగా తయారుచేస్తూనే ఉంటారు కాబట్టి మారడం అనేదే ఉండదు. ధర, వేడి, ఫ్యాను చప్పుడు ఎక్కువ. నాది లైన్ ఇంటరాక్టివ్. అందులో బీప్ లేకుండా టక్‌మంటే వోల్టేజి సర్దే రిలే, అంటే దానంతటదే పడే లోపలి స్విచ్, మారిందని అర్థం. టక్‌మని వరసగా బీప్ కొడితే బ్యాటరీ మీదకు వెళ్లిందని అర్థం. బీప్ ఎన్ని సెకన్లకోసారి వస్తుందనేది కంపెనీని బట్టి మారుతుంది. దాంతో వచ్చిన చిన్న పుస్తకాన్ని పారేయకుండా ఉంచుకుంటే పనికొస్తుంది.

ఈ మారడానికి సాధారణంగా 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో కంప్యూటర్‌ను నిలబెట్టేది దాని పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్. మంచి పవర్ సప్లై పూర్తి లోడు మీద కూడా 16, 17 మిల్లీసెకన్లు ఆగగలదు. 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక పూర్తి అల 20 మిల్లీసెకన్లు కాబట్టి, అల మొత్తం పోకముందే యూపీఎస్ అందుకోవాలన్నమాట. కెపాసిటర్ ముసలిదైన పాత పవర్ సప్లైలో ఈ గడువు తగ్గిపోతుంది. యూపీఎస్ కొత్తదే, బ్యాటరీ కొత్తదే, అయినా మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందంటే నేను ముందు పవర్ సప్లైనే అనుమానిస్తాను. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఉందంటే, కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ లేచిందని అర్థం. అది కారణం చెప్పదు కానీ ఏ నిమిషంలో జరిగిందో చెబుతుంది. ఆ సమయం తర్వాత చాలా ఉపయోగపడింది.

ముందు బ్యాటరీ సంగతి తేల్చుకున్నాను. కంప్యూటర్ తీసేసి, పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బును యూపీఎస్‌కు తగిలించి, గోడ స్విచ్ ఆపాను. ప్లగ్గు పీకలేదు. పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది, స్విచ్ ఆపితే ఎర్త్ అలాగే ఉంటుంది. పరీక్షకు కంప్యూటర్‌నే వాడటం నాకు ఇష్టం ఉండదు. ఆరిపోతే పోయేది మన ఫైళ్లే. పైగా బల్బు ఎప్పుడూ ఒకే లోడు తీసుకుంటుంది కాబట్టి రేపు కొత్త బ్యాటరీతో పోల్చుకోవచ్చు. బల్బు నిమిషం దాటకముందే ఆరిపోయింది.

తర్వాత యూపీఎస్‌ను గోడ నుంచి పూర్తిగా విడదీసి బ్యాటరీ బయటికి తీశాను. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేది ఇదే. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు. చూస్తే ఏ లోపమూ లేదనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి "బ్యాటరీ బాగానే ఉంది, యూపీఎస్ బోర్డు పోయింది" అంటారు. లోడు లేకుండా చూసిన వోల్టేజికి పెద్ద అర్థం లేదు. కారు హెడ్‌లైటు బల్బు, 12 వోల్టులు 55 వాట్లది, రెండు వైర్లతో దానికి కలిపాను. నాలుగున్నర ఆంపులు లాగే బల్బు అది. బాగున్న 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే కొన్ని నిమిషాల పాటు 12కి కాస్త అటూ ఇటూగా నిలబడుతుంది. మాది చూస్తుండగానే 10 కిందికి జారిపోయింది. లోపలి రెసిస్టెన్స్ పెరిగిపోయిన బ్యాటరీ ఇలాగే చేస్తుంది. వోల్టేజి చూపిస్తుంది, కరెంటు ఇవ్వలేదు.

ఈ పని చేసేటప్పుడు చేతికి ఉంగరం, గాజులు తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు కానీ టెర్మినళ్లు రెండూ లోహంతో కలిస్తే వచ్చే కరెంటు ఉంగరాన్ని ఎర్రగా కాల్చగలదు. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంటే పరీక్షల జోలికే పోవద్దు. దాని పని అయిపోయింది. ఇక యూపీఎస్ లోపలి బోర్డు మూత విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా అక్కడి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి మిగిలి ఉండొచ్చు. బ్యాటరీ మార్చుకోవడానికి తయారీదారు ఇచ్చిన తలుపు వరకే మన పని.

ఈ బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు వస్తాయి. వాటిని చంపేది ఎక్కువగా వేడి. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. నేను యూపీఎస్‌ను బల్ల కింద మూలలో గోడకు ఆనించి, దాని మీద కాగితాల కట్టలు పెట్టి ఉండేదాన్ని. ఇప్పుడు చుట్టూ జానెడు ఖాళీ వదిలి పెట్టాను.

ఎంతసేపు నిలబడాలనే విషయంలో కూడా చాలామందికి అంచనా తప్పుతుంది. 7 ఆంపియర్ అవర్లు అన్న అంకె 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చేది, అంటే 0.35 ఆంపుల చొప్పున. నా సీపీయూ, రెండు మానిటర్లు, రూటరు కలిపి పని మీదున్నప్పుడు 190 వాట్లు తీసుకుంటాయి. మార్పిడిలో పోయేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి సుమారు 19 ఆంపులు. 7ని 19తో భాగిస్తే 22 నిమిషాలు రావాలి. నిజంగా వచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో. ఎంత గట్టిగా లాగితే అంత తక్కువ ఇవ్వడం లెడ్ యాసిడ్ స్వభావం. కొత్త బ్యాటరీతో నాకు తొమ్మిది, పది నిమిషాలు వస్తోంది. ఫైళ్లు సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి అది చాలు. దాని మీద కూర్చుని పని కొనసాగించాలనుకుంటే చాలదు. పెట్టె మీద రాసిన 600 వీఏ (వోల్టులను ఆంపులతో గుణిస్తే వచ్చేది) అన్న పెద్ద అంకె చూసి 600 వాట్లు అనుకోకూడదు. నా యూపీఎస్ వెనక చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంది. చూసుకోవాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

కొత్త బ్యాటరీ పెట్టి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి, మర్నాడు మళ్లీ బల్బుతో చూశాను. చక్కగా నిలబడింది. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఛార్జింగ్ వోల్టేజి 13.6. ఈ రకం బ్యాటరీకి 13.5 నుంచి 13.8 మధ్య ఉండాలి. ఇది 14 దాటి అలాగే ఉండిపోతుంటే ఛార్జర్ పాడైనట్టు, కొత్త బ్యాటరీని కూడా అది ఉబ్బించేస్తుంది. మాది సరిగ్గానే ఉంది. ఒక ప్రశ్నకు జవాబు దొరికింది.

టక్ టక్ మాత్రం ఆగలేదు.

యూపీఎస్ వెనక యూఎస్‌బీ సాకెట్ ఒకటి ఉంటుంది. చాలా ఇళ్లలో దానికి వైరు తగిలించరు. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసింది అదే. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ (పూర్తి పేరు నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్) పెట్టుకుంటే గోడ నుంచి వస్తున్న వోల్టేజి, బ్యాటరీ ఛార్జి, లోడు శాతం, ఏ వోల్టేజి దగ్గర బ్యాటరీకి మారుతుంది అన్నీ కనిపిస్తాయి. అలాంటిదే ఏపీసీయూపీఎస్‌డీ అని ఇంకొకటి ఉంది, అది చివరిసారి ఎందుకు బ్యాటరీకి మారిందో కూడా రాసిపెడుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఏ యూపీఎస్‌తో మాట్లాడుతుందో ముందు జాబితాలో చూసుకోవాలి. బ్యాటరీ అడుగంటే ముందే కంప్యూటర్‌ను సక్రమంగా షట్‌డౌన్ చేసే పని కూడా ఇవే చేస్తాయి. మనం గదిలో లేనప్పుడు కరెంటు పోతే ఫైళ్లను కాపాడేది అదే. అసలు ఆ ఒక్క పనికోసమైనా ఆ వైరు తగిలించాలని నేను గట్టిగా చెబుతాను.

ఆ సాఫ్ట్‌వేర్ వోల్టేజిని టైముతో సహా రాసిపెట్టే లాగ్ నడుస్తూ ఉండగా, ఇంట్లో వాళ్లందరికీ ఒక మాట చెప్పాను. గీజరు వేసినా, నీళ్ల మోటారు వేసినా, ఇస్త్రీపెట్టె పెట్టినా, టైము చూసి ఫ్రిజ్ మీద ఉన్న కాగితంలో రాయండి అని. అమ్మ అందరికంటే శ్రద్ధగా రాసింది, సెకన్లతో సహా. ఆ కాగితాన్నీ లాగ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానానికి తావు లేకుండా కనిపించింది. గీజరు వేసిన ప్రతిసారీ వోల్టేజి ఒక మెట్టు దిగుతోంది. గీజరు నడుస్తుండగా మోటారు స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం బాగా పడిపోతోంది, యూపీఎస్ బ్యాటరీకి మారుతోంది. అంటే బయటి లైను కంటే ముందు మా ఇంటి లోడును చూడాలి.

మోటారు స్టార్టయ్యేటప్పుడు వోల్టేజి పడటం వింత కాదు. తిరగడం మొదలుపెట్టే క్షణంలో మోటారు మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. ఒక హార్స్‌పవర్ మోటారైతే 30 ఆంపుల వరకు పోవచ్చు. ఎంత పడుతోందన్నదే ప్రశ్న. కంప్యూటర్ పరికరాలు ఎంత ఒడిదుడుకులు తట్టుకోవాలో చెప్పే ఐటీఐసీ వక్రరేఖ అని ఒకటి ఉంది. దాని ప్రకారం వోల్టేజి 90 నుంచి 110 శాతం మధ్య ఎంతసేపున్నా ఫర్వాలేదు. 80 శాతానికి పడితే 10 సెకన్లు, 70 శాతానికి పడితే అర సెకను, మొత్తంగా పోతే 20 మిల్లీసెకన్లు తట్టుకోవాలి. అందుకే చిన్న చిన్న జారుళ్లకు యూపీఎస్ గోల పెట్టినా కంప్యూటర్‌కు నిజంగా ప్రమాదం ఉండకపోవచ్చు. కొన్ని యూపీఎస్‌లలో సెన్సిటివిటీ తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, జనరేటర్ మీద నడిచే చోట అది అవసరం కూడా. కానీ కారణం తెలియకముందే దాన్ని తగ్గించడం నాకు నచ్చదు. చప్పుడు ఆగిపోతుంది, లోపం అలాగే ఉంటుంది.

మల్టీమీటర్‌తో సాకెట్‌లో కొలిచాను. ఇక్కడ ఒక మాట. మెయిన్స్ (గోడలోంచి వచ్చే కరెంటు) కొలవడానికి క్యాట్ త్రీ అని రాసి ఉన్న మీటర్, ఇన్సులేషన్ చెక్కుచెదరని వైర్లు ఉండాలి. మీటర్ నాబ్ ఆంపుల మీద ఉండగా సాకెట్‌లో పెట్టడం పెద్ద ప్రమాదం. అలవాటు లేనివాళ్లు ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. మెయిన్ బోర్డు మూత తీయడం మాత్రం అలవాటున్నా మన పని కాదు.

పగటిపూట గీజరు లేకుండా ఫేజుకూ (కరెంటు తెచ్చే వైరు) న్యూట్రల్‌కూ (దాన్ని తిరిగి తీసుకెళ్లే వైరు) మధ్య 221 వోల్టులు. గీజరు వేస్తే 209. రెండు కిలోవాట్ల గీజరు, తొమ్మిది ఆంపులు లాగుతుంది. దానికి 12 వోల్టులు పడిపోవడం ఎక్కువ. వైరింగ్ బాగున్న ఇంట్లో అయితే నాలుగైదుకు మించకూడదు. తర్వాత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిచాను. ఏ లోడూ లేనప్పుడు 1 వోల్టు. గీజరు వేయగానే 10.

ఈ 10 అన్న అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎర్త్ వైరులో మామూలుగా కరెంటు పారదు, కాబట్టి అందులో వోల్టేజి పడదు. ఎర్త్‌తో పోలిస్తే న్యూట్రల్ తొమ్మిది వోల్టులు పైకి లేచిందంటే, పడిన 12లో తొమ్మిది న్యూట్రల్ దారిలోనే పోయాయి. ఫేజు వైపు మూడే. రెండు వైర్లూ ఒకే మందం, ఒకే పొడవు. కాబట్టి న్యూట్రల్‌లో ఎక్కడో ఒక జాయింటు సరిగ్గా లేదు. ఇంకొక ఆధారం కూడా ఇందులోనే ఉంది. నేను కొలిచింది కంప్యూటర్ గదిలో. గీజరు వేరే సర్క్యూట్. వేరే సర్క్యూట్‌లో లోడు వేస్తే ఈ గదిలో న్యూట్రల్ లేస్తోందంటే, లోపం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉండాలి. అంటే మెయిన్ బోర్డులోనో, దానికంటే ముందో. మా ఇంటికి ఎర్త్ విడిగా పాతి ఉంది కాబట్టి ఇది తెలిసింది. సరఫరా ఇంట్లోకి వచ్చే చోటే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపే పద్ధతి ఉన్నచోట, ఆ కలిసే చోటుకు అవతల లోపముంటే ఈ తేడా ఇలా బయటపడదు.

ఇక వేడి లెక్క. ఆ తొమ్మిదిలో రెండు వోల్టులు వైరుకే పోయాయనుకున్నా, జాయింటు దగ్గర ఏడు మిగులుతాయి. ఏడు వోల్టులు, తొమ్మిది ఆంపులు, 63 వాట్లు. గీజరు వేసిన ప్రతిసారీ బోర్డులోని ఒక స్క్రూ మీద సోల్డరింగ్ ఐరన్ ఆనించి పెట్టినట్టే. ఆ లెక్క వేశాక ఆ రాత్రి గీజరు ఎవరినీ వేయనివ్వలేదు. ఇస్త్రీపెట్టె కూడా.

మా ఎలక్ట్రీషియన్ నాన్న వయసువాడు. ఫోన్ చేసి, "బాబాయ్, యూపీఎస్ టక్ టక్ అంటోంది, అసలు సంగతి మెయిన్ బోర్డులో ఉందనిపిస్తోంది" అన్నాను.

"బ్యాటరీ మార్చావా అమ్మా?"

"మార్చాను. గీజరు వేస్తే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పది వోల్టులు చూపిస్తోంది."

అవతల క్షణం చప్పుడు లేదు. "గీజరు ఆపేయి. పొద్దున్నే వస్తా" అన్నాడు. అంకె చెప్పాక మాట తీరే మారిపోయింది. ఎవరికైనా "కరెంటు సరిగ్గా లేదు" అని చెప్పడం వేరు, కొలిచిన అంకె చెప్పడం వేరు. పనివాళ్లు కూడా అంకెను గౌరవిస్తారు.

పొద్దున మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తోనూ మీటర్‌తోనూ రెండుసార్లు చూసుకుని మూత తీశాడు. మెయిన్ స్విచ్ కింద న్యూట్రల్ వైరు చివర నల్లబడి ఉంది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు అంగుళం మేర కరిగి గట్టిపడిపోయింది. స్క్రూ వేలితో కదులుతోంది. బయటి నుంచి వచ్చే వైరు అల్యూమినియం. అల్యూమినియం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా నలిగి పలచబడుతుంది, గాలికి దాని మీద కరెంటును అడ్డుకునే పొర ఏర్పడుతుంది. వేడెక్కడం, చల్లారడం మళ్లీ మళ్లీ జరిగేకొద్దీ జాయింటు ఇంకా వదులవుతుంది, వదులయ్యేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. బాబాయ్ మాడిన భాగం కత్తిరించి, అల్యూమినియంకూ రాగికీ కలిపి పనికొచ్చే లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) వేసి, గట్టిగా నొక్కి బిగించాడు. దెబ్బతిన్న టెర్మినల్‌ను ఉంచకుండా స్విచ్ మొత్తం మార్చాడు. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది. ఒకసారి అంత వేడి చూసిన టెర్మినల్‌ను మళ్లీ బిగించి నమ్మకూడదు.

పని అయ్యాక మళ్లీ కొలిచాను. గీజరు లేకుండా 221, వేస్తే 217. న్యూట్రల్, ఎర్త్ మధ్య 3 లోపే. మోటారు వేస్తే యూపీఎస్ ఉలకలేదు.

మాది సింగిల్ ఫేజ్ కనెక్షన్ కాబట్టి వోల్టేజి తగ్గడంతో పోయింది. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో న్యూట్రల్ పూర్తిగా తెగితే కథ వేరే. ఒక ఫేజు మీదున్న లైట్లు మసకబారుతాయి, ఇంకొక ఫేజు మీదున్నవి కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతాయి. 230 ఉండాల్సిన చోటికి 400 దాకా రావచ్చు. ఇంట్లో కొన్ని లైట్లు మసకగా, కొన్ని మరీ ప్రకాశంగా కనిపిస్తే కొలతల కోసం ఆగొద్దు. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌నూ విద్యుత్ ఆఫీసునూ పిలవండి.

మిగిలిన చిన్న విషయాలు. నా లేజర్ ప్రింటర్ యూపీఎస్ మీద లేదు, ఉండకూడదు కూడా. టోనర్‌ను కాగితానికి అతికించే హీటరు ఉన్నట్టుండి వందల వాట్లు లాగుతుంది, చిన్న యూపీఎస్‌ను ఓవర్‌లోడ్‌లో పడేస్తుంది. ప్రింటు తీస్తున్నప్పుడు గదిలో లైటు రెపరెపలాడితే కారణం ఆ హీటరు ఆగి ఆగి వెలగడమే. నాది వేరే సర్క్యూట్ మీది సాకెట్‌కు మార్చాక అది తగ్గింది.

స్పైక్ గార్డ్ అని అమ్మే పొడవాటి ప్లగ్గు బోర్డుల విషయంలో కూడా ఒకటి చెప్పాలి. వాటిలోపల వేరిస్టర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. ఎక్కువ వోల్టేజి వచ్చిన ప్రతిసారీ దెబ్బ అది తింటుంది, తిన్నకొద్దీ అరుగుతుంది. చిన్న ఎర్రలైటు వెలుగుతోందని లోపలి బిళ్ల బాగుందనుకోలేం. ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే అది చేయగలిగిన పనిలో చాలా భాగం చేయలేదు. వోల్టేజి తగ్గడానికి దానికీ సంబంధమే లేదు.

నాలాగే పేజీలు పెట్టే స్నేహితురాలికి వచ్చిన సమస్య ఇంకో రకం. కొత్త కంప్యూటర్, మంచి బ్యాటరీ, అయినా కరెంటు పోగానే సీపీయూ ఆరిపోయేది. తక్కువ ధర యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది నున్నటి అల కాదు, మెట్లు మెట్లుగా ఉండే అల. యాక్టివ్ పీఎఫ్‌సీ (లాగే కరెంటును వోల్టేజి అలకు తగ్గట్టు సర్దే ఏర్పాటు) ఉన్న కొన్ని కొత్త పవర్ సప్లైలకు అది పడదు. బుర్రుమని చప్పుడు చేస్తాయి, లేదా ఆగిపోతాయి. నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ పెట్టాక తనకు ఆ బెడద పోయింది. ఆ మెట్ల అలను మామూలు మల్టీమీటర్‌తో కొలిచి యూపీఎస్ చెడిందనుకోకండి. ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్న మీటరే దాన్ని సరిగ్గా చూపిస్తుంది, మిగతావి నున్నటి అలకు సరిపడే లెక్కతో తప్పు అంకె చూపిస్తాయి.

ఇప్పుడు నా లాగ్‌లో మిగిలింది ఒక్కటే, సాయంత్రం ఏడు, తొమ్మిది మధ్య వచ్చే లో వోల్టేజి. 203 దాకా వస్తోంది. ఇది ఇంట్లోదా బయటిదా అని తేల్చడానికి ఆ సమయంలో బాబాయ్‌ని పిలిచి, కంప్యూటర్ గది ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌కు బోర్డులో ఉండే ట్రిప్ స్విచ్) ఒక్కటి తప్ప అన్నీ ఆపించి కొలిచాం. అప్పుడూ 203, 204. ఇంట్లో లోడే లేనప్పుడు పడుతోందంటే అది మా వైరింగ్ కాదు, బయటి లైనే. 230 వోల్టుల సరఫరాకు పది శాతం తగ్గినా 207 ఉండాలి. వారం రోజుల లాగ్‌ను గంటల వారీగా పట్టికలా ప్రింటు తీసి, ఆ ఒక్కటి తప్ప మిగతా ఎంసీబీలన్నీ ఆపి కొలిచిన అంకెలు విడిగా కింద రాసి, విద్యుత్ ఆఫీసులో ఫిర్యాదుతో పాటు ఇచ్చాను. రసీదు నంబరు తీసుకున్నాను. కొలతలు చూసిన ఇంజినీరు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సాయంత్రం లోడు చూస్తామన్నారు. అంతవరకు ఆ రెండు గంటలూ నా యూపీఎస్ టక్‌మని వోల్టేజి పెంచుకుని, బ్యాటరీ జోలికి పోకుండా నడుపుతోంది. పాత బ్యాటరీని చెత్తలో వేయలేదు. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి కాబట్టి, కొత్తది కొన్నచోటే రీసైక్లింగ్‌కు ఇచ్చేశాను.